తొమ్మిది గంటల గేటు, ఎనిమిది గంటల పరుగు

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ అటవీ శాఖల ఉన్నతాధికారులకు, జాతీయ రహదారుల అధికారులకు నమస్కారం.

నేను కల్వకుర్తిలో కిరాయి కారు నడుపుతాను. మా ఊరి మీదుగా పోయే 765వ నంబరు జాతీయ రహదారే నా బతుకుదెరువు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం దాకా ఉన్న 210 కిలోమీటర్ల పైచిలుకు దారిలో నాకు అన్నం పెట్టేది మన్ననూరు తర్వాత మొదలయ్యే నల్లమల అడవి రోడ్డు. మల్లన్న దర్శనానికి పోయేవాళ్లు, డ్యామ్ గేట్లు ఎత్తారని వినగానే బయల్దేరేవాళ్లు, ఏ పనీ లేకుండా ఊరికే అడవి చూసొద్దామని వచ్చేవాళ్లు, అందరినీ ఆ రోడ్డు మీద తిప్పాను. ఆ అడవి అంటే నాకు ప్రాణం.

రాత్రి 9 నుంచి ఉదయం 6 గంటల వరకు అడవిలో బండ్లు తిరగకుండా మీరు గేట్లు వేస్తున్నారు. అది చాలా మంచి పని. ఎవరు ఎంత ఒత్తిడి తెచ్చినా దాన్ని ఎత్తేయకండి. అయితే గేటు పడే ముందు రెండు గంటల్లో ఆ రోడ్డు మీద ఏం జరుగుతోందో మీరు ఒక్కసారి మా డ్రైవర్ల పక్క సీట్లో కూర్చుని చూడాలి. అది ఆగాలంటే రెండు పనులు చేయాలి. తిరుమల ఘాట్ రోడ్డు మీద ఉన్న టైమ్ పద్ధతిని నల్లమలకూ తీసుకురండి. అడవిలోకి వదిలే చివరి బండి వేళను సాయంత్రానికే మార్చండి. ఈ రెండూ అడగడానికే ఈ లేఖ.

ముందు రోడ్డు సంగతి చెబుతాను. మన్ననూరు గేటు దాటగానే ఘాట్ మొదలవుతుంది. నాలుగు మలుపులు ఎక్కేసరికి గాలి మారిపోతుంది, ఏసీ ఆపేసి అద్దాలు దించమంటారు పార్టీలు, అంటే బండి కిరాయికి మాట్లాడుకున్నవాళ్లు. పైకి చేరాక అమ్రాబాద్ పీఠభూమి మీద రోడ్డు కొంత సాఫీగా సాగుతుంది. ఫరహాబాద్, వటవర్లపల్లి, ఆ తర్వాత దోమలపెంట, ఈగలపెంట. అక్కడి నుంచి కృష్ణలోకి దిగే మలుపులు, కింద డ్యామ్, అవతల లింగాలగట్టు నుంచి మళ్లీ ఎక్కుడు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో చెట్లన్నీ ఆకు రాల్చి ఎండుకట్టెల్లా నిలబడి ఉంటే కొండగోగు మాత్రం పసుపు పచ్చగా పూస్తుంది. ఒక్క ఆకు ఉండదు, కొమ్మ కొమ్మకీ పూలే. మోదుగ కూడా అప్పుడే. మొదటి వాన పడ్డాక అదే రోడ్డును గుర్తుపట్టలేం. నల్లమద్ది, తెల్లమద్ది, ఏగిస, తునికి, అన్నీ కలిసి రోడ్డు మీదికి వంగుతాయి. ఈ దారిలో బండి నడపడానికి కిరాయి ఇస్తున్నారంటే అది నా అదృష్టమని చాలాసార్లు అనుకున్నాను.

అవతలి వైపు ఘాట్ కూడా అంతే. దోర్నాల నుంచి శ్రీశైలం సుమారు 50 కిలోమీటర్లు, తుమ్మలబైలు మీదుగా, శ్రీశైలానికి ముందు వచ్చే శిఖరం దాకా మొత్తం అడవే. ఈ రెండు వైపుల అడవి 1983 నుంచి ఒకే పులుల అభయారణ్యంగా ఉండేది. రాష్ట్రం రెండయ్యాక అడవి పేరు కూడా రెండయింది. తెలంగాణ వైపు అమ్రాబాద్, 2,611 చదరపు కిలోమీటర్లు. ఆంధ్ర వైపు నాగార్జునసాగర్-శ్రీశైలం, అది దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం. పేర్లు రెండయినా రోడ్డు ఒక్కటే. అందుకే ఇద్దరికీ కలిపి రాస్తున్నాను. ఒక రాష్ట్రం గేటు దగ్గర ఒక పద్ధతి, ఇంకో రాష్ట్రం గేటు దగ్గర ఇంకో పద్ధతి ఉంటే లాభం లేదు.

ఇక గేటు పడే వేళ సంగతి.

"అన్నా, తొమ్మిదికి గేటంట గదా, జర జల్ది పోనియ్యి." ఈ మాట అనని పార్టీ లేదు. హైదరాబాద్‌లో మధ్యాహ్నం మూడింటికి బయల్దేరి, తుక్కుగూడ దాటేసరికి ఐదై, దారిలో టీలు తాగి, మా ఊళ్లో బిర్యానీ తిని, చీకటి పడ్డాక ఫోన్ చూసుకుంటారు. అప్పుడు మొదలవుతుంది టెన్షన్. కొందరు తొమ్మిదిలోపు గేటు లోపలికి దూరితే చాలనుకుంటారు. ఇంకొందరు తొమ్మిదిలోపు అడవి దాటి బయటపడాలనుకుంటారు. ఇద్దరూ ఎదురెదురుగా అదే రెండు గంటల్లో అదే రెండు వరుసల రోడ్డు మీద పరుగు పెడతారు. వాళ్ల మధ్యలో ఆర్టీసీ బస్సు, కూరగాయల ఆటో, మోటార్ సైకిళ్ల మీద గుంపులుగా వచ్చే పిల్లలు.

అదే వేళకు అడవి కూడా లేస్తుంది. పగలంతా నీడన పడుకున్న దుప్పులు మేతకు కదులుతాయి. కణుజులు నీళ్లకు దిగుతాయి. ముళ్లపంది రోడ్డు అంచున మెల్లగా నడుస్తూ ఉంటుంది. వేసవిలో అయితే కుంటలు ఎండిపోయి, మీ సిబ్బంది ట్యాంకర్లతో నింపే సాసర్ల (నీటి తొట్ల) దగ్గరికి పోవడానికి ఎన్నో జంతువులు రోడ్డు దాటక తప్పదు. మనం గేటు వేసేది వాటి కోసమే. కానీ అవి బయటికి వచ్చే మొదటి గంటల్నే మనం మన పరుగుకు వదిలేశాం.

పోయిన వానాకాలం ఒక సాయంత్రం శ్రీశైలం నుంచి తిరిగి వస్తున్నాను. వటవర్లపల్లి దాటి ఫరహాబాద్ వైపు వస్తుంటే ఎడమ పక్క పొదల్లో కళ్లు మెరిశాయి. బండి ఆపి, లైట్ డిప్ చేసి, పార్కింగ్ లైట్లు వేశాను. ముందుగా ఒక ఆడ దుప్పి రోడ్డు మీదికి వచ్చింది. ముందు కాలు ఒకటి ఎత్తి పట్టుకుని, చెవులు రెండూ నా వైపు తిప్పి నిలబడింది. కాసేపటికి దాటింది. దాని వెనక ఇంకో రెండు. నా బండిలో ఉన్న పెద్దాయన ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. అంతలో వెనక నుంచి ఒక తెల్ల బండి హై బీమ్ వేసుకుని, హారన్ కొడుతూ వచ్చి, నేను ఎందుకు ఆగానో కూడా చూడకుండా నన్ను దాటి పోయింది. దుప్పులు దాటేటప్పుడు పిల్లలు వెనకాల వస్తాయి. ఆ వచ్చిన పిల్లకు తగిలింది.

వాళ్లు ఆగారు. దిగారు. ఒకాయన ఫోన్ లైటు వేసి బంపర్ చూసుకున్నాడు. నంబర్ ప్లేటు వంగింది. వెనక సీట్లోంచి ఒక చిన్న పాప "డాడీ, దానికి ఏమైంది?" అని అడుగుతోంది. ఇంకొకాయన టైమ్ చూసి, "ఎనిమిది ఇరవై అయింది, ఎక్కు ఎక్కు, గేటు పడుద్ది" అన్నాడు. వెళ్లిపోయారు. ఆ దుప్పి పిల్ల వెనక కాళ్లు రెండూ పనిచేయడం లేదు. ముందు కాళ్లతో గడ్డిలోకి పాకాలని చూస్తోంది. అక్కడ ఫోన్‌కి సిగ్నల్ లేదు. గేటు దాకా వచ్చాకే సిబ్బందికి చెప్పగలిగాను. ఒక గార్డు, ఇంకో అబ్బాయి ఆ మాట వినగానే మోటార్ సైకిల్ తీసుకుని వెళ్లారు. పొద్దంతా డ్యూటీ చేసి, తింటున్న అన్నం వదిలేసి వెళ్లారు. ఆ దుప్పి పిల్ల బతకలేదని తర్వాత తెలిసింది.

ఆ కారులోని వాళ్లు దుర్మార్గులని నేను అనను. దర్శనం చేసుకుని నుదుట విభూతితో వస్తున్న కుటుంబం. మామూలుగా అయితే కుక్కపిల్లకి దెబ్బ తగిలినా ఆగిపోయే మనుషులే అయి ఉంటారు. వాళ్ల కళ్ల ముందు ఆ సాయంత్రం అడవి లేదు, గడియారం ఒక్కటే ఉంది. ఆ గడియారాన్ని వాళ్ల నెత్తి మీద పెట్టింది మన పద్ధతే. కాబట్టి మార్చాల్సింది కూడా పద్ధతినే.

తిరుమలలో దీనికి పరిష్కారం ఎప్పుడో దొరికింది. అలిపిరి దగ్గర బండి ఎక్కే టైమ్ నమోదవుతుంది. 28 నిమిషాల కంటే ముందే కొండ మీదికి చేరితే జరిమానా. దిగేటప్పుడు 40 నిమిషాలు. మధ్యలో ఎక్కడా పోలీసు అక్కర్లేదు, స్పీడ్ గన్ అక్కర్లేదు. ఒక మలుపులో వేగంగా పోయినా తర్వాత ఎక్కడో ఆగి కాలం గడపాల్సిందే కాబట్టి ఎవరూ పరుగెత్తరు. అక్కడ ఎక్కిన ప్రతి డ్రైవర్‌కీ ఆ నిమిషాలు నోటికి వచ్చు. కొత్తగా కారు కొన్న కుర్రాడు కూడా తిరుమల ఘాట్‌లో బుద్ధిగా పోతాడు. అదే కుర్రాడు వారం తిరక్కుండా నల్లమలలో 90లో పోతాడు. మనిషి మారలేదు, గేటు దగ్గరి పద్ధతి మారింది.

మన గేట్ల దగ్గర ఇప్పటికే సిబ్బంది ఉన్నారు. పర్యావరణ రుసుము తీసుకుని రసీదు ఇస్తున్నారు. ఆ రసీదు మీదే లోపలికి వచ్చిన టైమ్, అవతలి గేటుకు ఇంతకంటే ముందు చేరకూడదన్న టైమ్ పెద్ద అక్షరాలతో వేయండి. మన్ననూరు నుంచి శ్రీశైలం దాకా అడవి రోడ్డు 60 కిలోమీటర్లకు పైనే ఉంటుంది. గంటకు 40 చొప్పున పోతే గంటన్నర. 60 చొప్పున పోతే గంట. ఇంత ఆరాటపడి మిగుల్చుకునేది ఆ అరగంటే. ఆ అరగంటకు ఏం చెల్లిస్తున్నామో కూడా చూడండి. 80లో పోయే బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. దుప్పి కనబడి, కాలు బ్రేకు మీదికి పోయేలోపే ఆ 22 మీటర్లు అయిపోతాయి. ఆ తర్వాత బ్రేకు పట్టే దూరం 40లో పోయే బండికి ఎంతో దానికి నాలుగు రెట్లు. తడి రోడ్డయితే ఇంకా ఎక్కువ. డిప్ లైటు వెలుతురు అంత దూరం పడదు. హై బీమ్ వేస్తే దుప్పి కళ్లు చెదిరి ఉన్నచోటే నిలబడిపోతుంది, పక్కకు పోదు. అంటే చీకట్లో 80 మీద ఎంత మంచి డ్రైవరైనా చేయగలిగింది పెద్దగా లేదు.

దారిలో ఉండే వ్యూ పాయింట్ల దగ్గర ఆగేవాళ్లకు ఈ పద్ధతి వల్ల ఏ ఇబ్బందీ లేదు, ఆలస్యంగా చేరితే జరిమానా ఉండదు కదా. మధ్యలో దిగిపోయే ఊళ్లవాళ్లకు వేరే చీటీ ఇవ్వొచ్చు.

రెండో సంగతి చివరి బండి. ఎనిమిది యాభైకి గేటు లోపలికి వచ్చిన బండి సరైన వేగంతో పోతే పదిన్నరకు గానీ అవతల తేలదు. మరి తొమ్మిది నుంచి అడవి ఖాళీ అన్న మాట ఎక్కడ నిలబడింది? తొమ్మిదికి రోడ్డు నిజంగా ఖాళీ కావాలంటే చివరి బండి ఏడింటికే లోపలికి పోవాలి. అలా మారిస్తే మా లాంటి వాళ్లకు కొన్ని కిరాయిలు పోతాయి. పోనివ్వండి. రెండు నెలల్లో జనం అలవాటు పడతారు, పొద్దున్నే బయల్దేరతారు. ఆలస్యమైన వాళ్లు అచ్చంపేటలోనో మన్ననూరులోనో రాత్రి ఉంటారు, ఆ ఊళ్లకూ నాలుగు డబ్బులు. శ్రీశైలం వైపు సున్నిపెంటలో, అటు దోర్నాలలో కూడా అంతే. 108కు, గర్భిణులకు, ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు, ఆర్టీసీకి ఈ నిబంధన అడ్డు రాకూడదు. ఈగలపెంటలో ఉండే మనిషికి మందులు కావాలంటే గేటు దగ్గర బతిమాలుకునే పరిస్థితి ఉండకూడదు. నేను ఆపమంటున్నది దూరం నుంచి చూడ్డానికి వచ్చే బండ్లను.

మనుషుల మాట వచ్చింది కాబట్టి చెంచుల గురించి కూడా చెప్పాలి. ఆ రోడ్డు పక్కన, లోపలి పెంటల్లో (చెంచుల గూడేల్లో) తరతరాలుగా ఉన్నది వాళ్లు. శ్రీశైలం దేవుణ్ని చెంచు మల్లయ్య అని తమ అల్లుడిగా చెప్పుకునేవాళ్లు. తేనె, జిగురు, దుంపల కోసం రోజంతా తిరిగి, చీకటి పడే వేళకు రోడ్డు వెంబడి నడిచి ఇళ్లకు చేరతారు. తలమీద మూట, చంకలో బిడ్డ, చేతిలో లైటు ఉండదు. అప్పాపూర్ లాంటి పెంటల నుంచి సరుకుల కోసం వచ్చేవాళ్లకు ఆ రోడ్డు తప్ప వేరే దిక్కు లేదు. జంతువుల కోసం తగ్గించిన వేగం మొదట కాపాడేది ఆ తల్లుల్ని.

2019లో నల్లమలలో యురేనియం కోసం తవ్వుతారన్న వార్త వచ్చినప్పుడు రెండు రాష్ట్రాల జనం ఒక్కటై నల్లమలను కాపాడాలన్నారు. ఊళ్లలో ధర్నాలు జరిగాయి. నగరాల్లో ఉండేవాళ్లు కూడా గొంతు కలిపారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. నాకు అప్పుడు కడుపు నిండిపోయింది. ఈ అడవి మీద జనానికి ప్రేమ ఉందని నాకు ఆ రోజే తెలిసింది. అదే ప్రేమ స్టీరింగ్ పట్టుకున్నాక కూడా ఉండేలా చేయడం మీ చేతుల్లో ఉంది.

ప్లాస్టిక్ విషయంలో అమ్రాబాద్‌లో మీరు ఇప్పటికే చేసి చూపించారు. 2024 జూలై నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను నిషేధించారు. మొదట్లో గేటు దగ్గర వాదులాడిన పార్టీలే ఇప్పుడు ఇంటి నుంచి స్టీలు బాటిళ్లు తెచ్చుకుంటున్నాయి. గట్టిగా చెబితే జనం వింటారు. కోతులకు తిండి వేయడం మీద కూడా అంతే గట్టిగా ఉండండి. అరటిపండు వేస్తే పుణ్యమనుకుంటారు. కానీ ఆ కోతి రేపు ప్రతి కారు శబ్దానికీ రోడ్డు మీదికి ఉరుకుతుంది, చంకలో పిల్లతో సహా.

డ్యామ్ గేట్లు ఎత్తే రోజుల సంగతి వేరే. కృష్ణకు వరద వచ్చి, శని, ఆదివారాలు కలిశాయంటే ఈగలపెంట నుంచి డ్యామ్ దాకా కిలోమీటర్ల కొద్దీ బండ్లు నిలబడిపోతాయి. మలుపు మధ్యలో కారు ఆపి సెల్ఫీలు దిగుతారు. ఎక్కే బండికి దారి ఇవ్వాలన్న జ్ఞానం ఉండదు. కొత్త డ్రైవర్లు క్లచ్ కాల్చుకుంటారు, దిగేటప్పుడు న్యూట్రల్‌లో వేసి బ్రేకులు పోగొట్టుకుంటారు. ఏ గేర్‌లో ఎక్కుతామో ఆ గేర్‌లోనే దిగాలని పాత డ్రైవర్లు మాకు నేర్పారు. ఆ ఒక్క ముక్క మన్ననూరులో, ఈగలపెంటలో, శిఖరం దగ్గర పెద్ద బోర్డు మీద తెలుగులో రాయించండి. ఆ రోజుల్లో గంటకు ఇన్ని బండ్లు అని లెక్కపెట్టి వదిలితే ఎవరికీ కష్టం ఉండదు, లోపల ఆగిపోయిన జనానికి కనీసం నీళ్లయినా దొరుకుతాయి.

ఇదంతా ఇప్పుడెందుకు, మన్ననూరు నుంచి శ్రీశైలానికి ఎలివేటెడ్ కారిడార్ (స్తంభాల మీద ఎత్తున కట్టే రోడ్డు) వస్తోంది కదా అని మీలో ఎవరైనా అనొచ్చు. రావాలా వద్దా అన్నది నిపుణులు తేల్చాలి. సరిగ్గా కడితే మేలే జరగొచ్చు. మన హైదరాబాద్ మీదుగా పోయే 44వ నంబరు రహదారి మీదే నాగ్‌పూర్ దాటాక పెంచ్ పులుల అభయారణ్యం వస్తుంది. అక్కడ జంతువులు దాటడానికి రోడ్డును వంతెనల మీదికి ఎత్తారు. పులులు, దుప్పులు, అడవి పందులు ఆ వంతెనల కింద నడిచిపోతున్నట్టు కెమెరాలకు చిక్కాయి. నేను ఆ దారిలో పోయాను, పైన లారీలు పోతుంటే కింద అడవి అడవిలాగే ఉంది. కానీ అలాంటిది నల్లమలలో రావాలంటే అనుమతులు, డబ్బు, చెట్ల లెక్కలు, ఏళ్లు పడుతుంది. రసీదు మీద టైమ్ వేయడానికి ఏళ్లు అక్కర్లేదు. పెద్ద పని మొదలయ్యే దాకా చిన్న పని ఆపుకుని కూర్చోవద్దు. కర్ణాటకలోని బండీపూర్ అడవిలో 2009 నుంచి రాత్రి 9 తర్వాత రోడ్డు మూస్తున్నారు. కేరళ నుంచి ఎంత ఒత్తిడి వచ్చినా కర్ణాటక నిలబడింది. మనం కూడా నిలబడగలం.

తోటి డ్రైవర్లకు ఒక మాట. పార్టీ తొందరపెడుతుంది, మనకు తెలుసు. కానీ బ్రేకు మీద కాలు మనది. కిరాయి ఒప్పుకునేటప్పుడే చెప్పండి, అడవిలో 40 దాటను, ఇష్టమైతే ఎక్కండి అని. నేను చెబుతున్నాను, ఎవరూ దిగిపోలేదు. పైగా కాసేపయ్యాక వాళ్లే "ఇంకా మెల్లగా పోనియ్యన్నా, నెమలి కనబడుతోంది" అంటారు. ఒక దుప్పి దాటితే వెంటనే బండి కదపకండి, వెనక ఇంకొకటి ఉంటుంది. సిగరెట్ పీక బయట వేయకండి, వేసవిలో ఆ గడ్డి అంటుకుంటే గుట్టలకు గుట్టలే తగలబడతాయి.

అయ్యా, ఆగస్టులో డ్యామ్ గేట్లు ఎత్తే లోపు ఇది మొదలుపెట్టండి. ముందుగా మన్ననూరు, దోమలపెంట మధ్య ఒక నెల పెట్టి చూడండి. ఆ తర్వాత దోర్నాల, శిఖరం మధ్య. రెండు గేట్ల దగ్గర ఒకే టైమ్ చూపించే పెద్ద గడియారాలు, రసీదు మీద రెండు వరుసలు, జరిమానా పుస్తకం ఉంటే చాలు. రోడ్డు మీద జంతువుకు దెబ్బ తగిలితే చెప్పడానికి ఒక ఫోన్ నంబరు, సిగ్నల్ లేని చోట్ల రెండు మూడు వైర్‌లెస్ పెట్టెలు కూడా పెట్టించండి. మా డ్రైవర్ల సంఘం తరఫున ఎక్కడికి రమ్మన్నా వస్తాం, ఏ మలుపు దగ్గర ఏ జంతువు దాటుతుందో చూపిస్తాం. మీ సిబ్బందితో కలిసి బోర్డులు పాతడానికి కూడా సిద్ధం.

ఇట్లు,
కల్వకుర్తి నుంచి ఒక కిరాయి కారు డ్రైవర్